మోంత్రూలో ఆ శనివారం

1971 డిసెంబర్ 4, శనివారం మధ్యాహ్నం. స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మోంత్రూ పట్టణం. అక్కడి కాసినోలో జూదశాలతో పాటు పెద్ద కచేరీ హాలు కూడా ఉంది. ఆ హాలు ఇసకేస్తే రాలనంత జనంతో నిండిపోయింది. రెండు వేలకు పైగానే ఉంటారు. ఎక్కువమంది కుర్రకారు. వేదిక మీద అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జాప్పా, అతని బృందం ‘మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్’. చలికాలానికి కాసినో మూతపడబోతోంది. అంతకు ముందు జరిగే ఆఖరి కచేరీ ఇదే.

ప్రేక్షకుల్లో ఇంగ్లండ్ నుంచి ముందురోజే దిగిన ఒక రాక్ బృందం కుర్రాళ్లు ఉన్నారు. పేరు డీప్ పర్పుల్. గాయకుడు ఇయాన్ గిలాన్, గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్, బేస్ గిటార్ వాయించే రోజర్ గ్లోవర్, ఆర్గన్ వాయించే జాన్ లార్డ్, డ్రమ్మర్ ఇయాన్ పెయిస్. వాళ్లలో పెద్దవాడు లార్డ్‌కి ముప్ఫై. చిన్నవాడు పెయిస్‌కి ఇరవై మూడు. వాళ్లొచ్చింది కచేరీ చూడ్డానికి కాదు. కాసినో ఖాళీ కాగానే ఆ హాల్లోనే తమ కొత్త ఆల్బమ్ రికార్డు చేసుకోవాలి. ఈ ఒక్క సాయంత్రం గడిస్తే హాలు వాళ్లదే.

జాప్పా బృందం ‘కింగ్ కాంగ్’ అనే వాయిద్య రచన వాయిస్తోంది. డాన్ ప్రెస్టన్ సింథసైజర్ మీద తన వంతు అందుకున్నాడు. సరిగ్గా అప్పుడు జనం మధ్యలోంచి ఒకడు ఫ్లేర్ గన్ పేల్చాడు. సముద్రంలో ఆపదలో పడ్డ ఓడల వాళ్లు సాయం కోసం ఆకాశంలోకి పేలుస్తారే, అలాంటిది. ఎర్రటి నిప్పు పైకి లేచి కప్పుకు తగిలింది. ఆ కప్పుకు కింద వైపంతా పేము అల్లిక. ఎండిన పేముకు నిప్పు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మొదట ఎవరికీ పెద్ద ప్రమాదంలా కనిపించలేదు. పైన ఒక మూల నిప్పురవ్వలు, కాస్త పొగ. జాప్పా వాయిద్యాలు ఆపించి, తొక్కిసలాట లేకుండా నిదానంగా బయటికి వెళ్లమని మైకులో చెప్పాడు. జనం కదిలారు. నిమిషాల్లోనే మంట కప్పంతా పాకింది.

జాప్పా తర్వాత తన ఆత్మకథలో ఆ రోజు గురించి రాశాడు. టికెట్లు దొరకని కుర్రాళ్లు లోపలికి తోసుకురాకుండా కొన్ని తలుపులకు ముందే గొలుసులు బిగించారట. మిగిలిన దారులు రెండే: ముందువైపు ఇరుకైన ద్వారం, వేదిక పక్కన ఉన్న పెద్ద అద్దాల గోడ. వేదిక వెనక నుంచి కార్ల పార్కింగ్‌కు వెళ్లే సొరంగం గుండా తన బృందం బయటపడిందని రాశాడు. యాభై వేల డాలర్ల విలువైన వాయిద్యాలు, పరికరాలు లోపలే బూడిదయ్యాయి. 

కప్పు కూలుతోంది. బాగా మండే సామాను నిండిన భవనం అది. కొంతమంది పిల్లలు బయటికి దారి తెలియక, మంట తమదాకా రాదనుకుని కాసినో లోపలే దాక్కున్నారు. అప్పుడు ఒక మనిషి లోపలికీ బయటికీ పరుగులు పెడుతూ కనిపించాడు. బయటికి వచ్చిన ప్రతిసారీ అతని వెంట ఎవరో ఒక కుర్రాడో, అమ్మాయో ఉన్నారు. మళ్లీ లోపలికి పరుగు.

అతని పేరు క్లాడ్ నోబ్స్. వయసు ముప్ఫై అయిదు.

అతనేమీ అగ్నిమాపక ఉద్యోగి కాడు. ఊరి పర్యాటక కార్యాలయంలో ఉద్యోగి. పుట్టింది మోంత్రూలోనే. మొదట వంటవాడిగా శిక్షణ పొందాడు, తర్వాత ఆ ఆఫీసులో చేరాడు. చలికాలంలో ముసుగుతన్ని పడుకునే ఆ ఊరికి మనుషుల్ని రప్పించాలంటే సంగీతాన్ని మించిన దారి లేదని నమ్మినవాడు. 1967లో మోంత్రూ జాజ్ ఉత్సవాన్ని మొదలుపెట్టిన వాళ్లలో ముఖ్యుడు. న్యూయార్క్ వెళ్లి అట్లాంటిక్ రికార్డ్స్ పెద్దల తలుపు తట్టి, పేరున్న కళాకారుల్ని తన ఊరికి ఒప్పించుకొచ్చాడు. జాప్పా కచేరీ ఏర్పాటు అతనిదే. డీప్ పర్పుల్‌కి హాలు మాట్లాడిపెట్టిందీ అతనే. ఇవాళ ఆ రెండూ కళ్లముందే తగలబడుతున్నాయి.

ఆ రోజు ఒక్క ప్రాణం కూడా పోలేదు. కొందరికి దెబ్బలు తగిలాయి, అంతే. రెండు వేల మంది, పేము కప్పు, గొలుసులు వేసిన తలుపులు: ఈ మూడూ కలిసినచోట అందరూ బతికి బయటపడ్డారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సినిమా హాళ్లలో, మండపాల్లో జరిగిన అగ్నిప్రమాదాల వార్తలు చదివే మనకు ఆ మూడూ కలిస్తే ఏం జరుగుతుందో తెలుసు. నిప్పు పెట్టిన మనిషి విషయానికొస్తే, పోలీసుల అనుమానం ఒకరి మీదికి వెళ్లింది గానీ అతను చేతికి చిక్కలేదు.

డీప్ పర్పుల్ కుర్రాళ్లు క్షేమంగా బయటపడి హోటల్‌కు చేరారు. అక్కడి కిటికీల్లోంచి చూస్తే కాసినో మండుతూ కనిపిస్తోంది. కొండల మీంచి గాలి సరస్సువైపు వీస్తోంది. ఆ గాలికి పొగ పైకి లేవకుండా కిందికి వంగి, సరస్సు నీళ్ల మీద పొరలు పొరలుగా పరుచుకుంటోంది. వెనక ఆల్ప్స్ పర్వతాలు, ముందు చల్లటి నీళ్లు, మధ్యలో ఎర్రటి వెలుగు. ఎంత భయంకరమైనదో అంత అందమైన దృశ్యమది. అయిదుగురూ చూస్తూ ఉండిపోయారు. వాళ్లు పనిచేయాల్సిన గది ఆ మంటలోనే ఉంది.

(తెలుగు పాఠకుడికి ఆ తేదీ వేరేలా గుర్తుంటుంది. ముందురోజే భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం మొదలైంది. మోంత్రూలో కాసినో కాలిన రోజే, అర్ధరాత్రి వేళ విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సముద్రం అడుక్కి చేరింది. డిసెంబర్ 4ను మనం నేవీ డేగా జరుపుకుంటాం. మోంత్రూ మంట కబురు ఆ రోజుల్లో మన పత్రికల్లో ఎవరి కంటా పడి ఉండదు.)

మంటలు ఆరిన రెండు మూడు రోజుల తర్వాత ఒక పొద్దున. హోటల్ గదిలో రోజర్ గ్లోవర్ ఒక్కడే నిద్ర లేస్తున్నాడు. మెలకువకూ నిద్రకూ మధ్య అతని నోట్లోంచి నాలుగు మాటలు బయటికి వచ్చాయి: ‘స్మోక్ ఆన్ ద వాటర్’. గదిలో ఇంకెవరూ లేరు. తను నిజంగానే పైకి అన్నాడా, కలలో అన్నాడా అని అతనికే అనుమానం వచ్చిందట. లేచి కూర్చున్నాక అర్థమైంది, ఆ మాటలు పైకే అన్నాడని.

గిలాన్‌కు చెప్పాడు. గిలాన్‌కు పెద్దగా నచ్చలేదు. పేరు వింటే మత్తుమందుల పాటలా ఉంది, మనకెందుకు అన్నాడు. ఆ రోజుల్లో అలాంటి పాటలు కుప్పలు. డీప్ పర్పుల్‌కు ఆ ముద్ర ఇష్టం లేదు. మాట అక్కడితో ఆగిపోయింది. ఎక్కడా రాసుకోలేదు, పక్కన పడేశారు.

వాళ్ల తలనొప్పి వేరే ఉంది. రోలింగ్ స్టోన్స్ బృందం దగ్గర అద్దెకు తెచ్చుకున్న సంచార స్టూడియో లారీ ఊళ్లోకి వచ్చి ఉంది. లారీలోనే రికార్డింగ్ యంత్రాలన్నీ అమర్చి ఉంటాయి. ఎక్కడ ఆపితే అక్కడ స్టూడియో సిద్ధం. లెడ్ జెప్పెలిన్ బృందం తమ నాలుగో ఆల్బమ్‌కు వాడుకున్నదీ ఈ బండినే. మామూలు స్టూడియోల్లో గోడలకు మెత్తలు కప్పి ధ్వనిని చంపేస్తారు. తాము వేదిక మీద ఎలా మోగుతామో రికార్డులోనూ అలాగే మోగాలని డీప్ పర్పుల్ కోరిక. ఖాళీ కాసినో హాలు అందుకే కావాలనుకున్నారు. ఇప్పుడు లారీ ఉంది, ఇంజనీర్ మార్టిన్ బర్చ్ ఉన్నాడు, వాయిద్యాలు ఉన్నాయి. నాలుగు గోడలే లేవు.

కాసినో పోయి, ఉత్సవానికి ఇక చోటు లేక, ఆ వారం నోబ్స్‌కు నిద్రపట్టకూడని వారం. అతను మాత్రం తన అతిథులకు ఇంకో హాలు కోసం తిరిగాడు. ఊళ్లోనే ‘పెవిలియన్’ అనే నాటకశాలను మాట్లాడిపెట్టాడు. 

కుర్రాళ్లు అక్కడ వాయిద్యాలు దించి సర్దుకునేసరికి పొద్దు పోయింది. బ్లాక్‌మోర్, పెయిస్ ఇద్దరూ కలిసి ఒక వరస వాయించడం మొదలుపెట్టారు. మిగతా ఇద్దరూ అందుకున్నారు. గిలాన్‌కు పాడ్డానికి మాటలు ఇంకా పుట్టలేదు. వాయిద్యాల వరకే రికార్డు చేస్తున్నారు. పేరు కూడా లేదు కాబట్టి టేపు డబ్బా మీద ‘టైటిల్ నంబర్ వన్’ అని రాసుకున్నారు. రాత్రి గడుస్తోంది. పెవిలియన్ ఊరి మధ్యలో ఉంది. రాక్ బృందం పూర్తి శబ్దంతో వాయిస్తే ఆ మోత ఎన్ని వీధులు దాటుతుందో వాళ్లు ఆలోచించలేదు. నిద్ర చెడిన ఊరి జనం పోలీసులకు ఫోన్లు కొట్టారు.

పోలీసులొచ్చి తలుపు బాదారు. లోపల టేపు తిరుగుతోంది. వాయిస్తున్నది మంచి టేక్ అని అందరికీ తెలుస్తోంది. ఆపితే మళ్లీ ఆ ఊపు రాదు. అప్పుడు బృందం సామాను మోసే కుర్రాళ్లు వెళ్లి తలుపులకు వీపులు ఆనించి నిలబడ్డారు. బయట నుంచి పోలీసులు తోస్తున్నారు. లోపలి నుంచి వీళ్లు ఆపుతున్నారు. ఆ తోపులాట నడుస్తుండగానే టేక్ పూర్తయింది. తలుపులు తెరిచారు. మూటాముల్లె సర్దుకుని వెళ్లిపొమ్మన్నారు పోలీసులు. పెవిలియన్‌లో వాళ్లకు మిగిలింది ఆ ఒక్క టేపే.

ఆ టేపులో ఉన్న వరస గురించి కాస్త ఆగి చెప్పాలి. రాక్ సంగీతంలో పాట పొడుగునా తిరిగి తిరిగి వచ్చే చిన్న వాద్య వరసను రిఫ్ అంటారు. ప్రపంచంలో గిటార్ చేతబట్టిన కొత్తవాళ్లలో అత్యధికులు మొదటగా తడుముకునే రిఫ్ ఇదే. హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా గిటార్ నేర్చుకునే పిల్లలున్న ఇంటి పక్కన కాపురముంటే మీరూ వినే ఉంటారు, పేరు తెలియకపోయినా. వాడింది నాలుగే స్వరాలు. మన లెక్కలో చెప్పుకుంటే షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం. మొదట స–గ–మ అని ఎక్కి ఆగుతుంది. మళ్లీ స–గ అని లేచి, ఈసారి ప్రతి మధ్యమాన్ని అంటుకుని వెంటనే శుద్ధ మధ్యమానికి జారుతుంది. మూడోసారి స–గ–మ, ఆ వెంటనే గ మీంచి దిగి స దగ్గర వాలుతుంది. అంతే. 

కర్ణాటక సంగీతం విన్న చెవికి రెండు మధ్యమాలు పక్కపక్కన ఒరుసుకోవడం చప్పున తెలుస్తుంది. డెబ్భైరెండు మేళకర్తల్ని సగానికి చీల్చేదే ఈ మధ్యమాల తేడా. ఒక మేళంలో ఏదో ఒకటే ఉండాలి. ఇక్కడ రెండూ ఉన్నాయి. నల్లజాతి అమెరికన్ల బ్లూస్ సంగీతంలో అది మామూలు విషయం. అక్కడి నుంచే బ్లాక్‌మోర్ తీసుకున్నాడు. ఆ ఒరిపిడిలోనే దాని పొగరంతా ఉందని నా అభిప్రాయం. ప్రతి మధ్యమం తీసేసి వాయించి చూడండి, చప్పగా అయిపోతుంది.

ఇంకో విశేషం, అతను ఒక్కో స్వరాన్ని ఒంటరిగా వాయించలేదు. రెండు తీగలు కలిపి మీటాడు. స మీటినప్పుడు దాని కింద మంద్ర పంచమం కూడా మోగుతుంది. గ పలికినప్పుడు దాని కింద మరో స్వరం, అదే ఎడంతో. రెండు గొంతులు ఒకే దూరం పాటిస్తూ కలిసి నడుస్తాయి. తీగలు మీటే పిక్‌తో కాకుండా వేళ్లతో లాగాడు, రెండు తీగలూ ఒక్కసారే పలకాలని. దీనికి తోడు జాన్ లార్డ్. శాస్త్రీయ సంగీతం చదువుకున్న మనిషి. తన హామండ్ ఆర్గన్‌ను గిటార్ల కోసం చేసిన మార్షల్ ఆంప్లిఫయర్‌కు తగిలించి, చర్చిల్లో మెత్తగా మోగే ఆ వాద్యాన్ని గరగరలాడించాడు. గిటారూ ఆర్గనూ ఒకే వరస కలిపి వాయిస్తే ఏది ఏదో విడదీసి వినలేం. పాట మొదట్లో ఒక్కొక్కరే వచ్చి చేరతారు. ముందు గిటార్ ఒంటరిగా, తర్వాత తాళాల సవ్వడి, ఆర్గన్, తర్వాత మిగతా డ్రమ్స్, ఆ తర్వాత గ్లోవర్ బేస్. అందరూ వచ్చాకే గిలాన్ నోరు తెరుస్తాడు.

ఆ రాత్రి ఇవేవీ వాళ్లకు గొప్పగా తోచలేదు. ఒక టేపు అయింది, ఇంకా ఆల్బమంతా మిగిలే ఉంది, ఇల్లు లేదు.

మళ్లీ వెతుకులాట. ఈసారి దొరికింది ఊరి అంచున తెరితేలో ఉన్న గ్రాండ్ హోటల్. చలికాలం కాబట్టి మూసేసి ఉంది. అతిథులు లేరు, వంటవాళ్లు లేరు, గదుల్లో వెచ్చదనం లేదు. వందల మంది తిరగాల్సిన ఆ పెద్ద భవనంలో అయిదుగురు వాద్యకారులు, కొద్దిమంది సహాయకులు. కింది అంతస్తులో ఒక నడవాను ఎంచుకున్నారు. పడకగదుల్లోని పరుపులు ఈడ్చుకొచ్చి గోడలకు ఆనించారు. శబ్దం గోడల మీద పడి గోలగా తిరిగి రాకుండా అవి అడ్డుకున్నాయి. ఫ్యాక్టరీల్లో వాడే పెద్ద హీటర్లు తెచ్చి పెట్టారు. డ్రమ్స్ నడవాలోనే. లారీ బయట ఆగింది. అక్కడి నుంచి కేబుళ్లు తలుపుల్లోంచి, మెట్ల మీదుగా లోపలికి పాకాయి.

వాయించింది ఎలా వచ్చిందో వినాలంటే లారీ దాకా వెళ్లాలి. అసలు దారికి పరుపులు అడ్డం. అందుకని పడకగదుల్లో దూరి, బాల్కనీలు దాటి, మంచులోకి దిగి, చుట్టూ తిరిగి వెళ్లాలి. విన్నాక మళ్లీ అదే దారిన వెనక్కి. ఒకటి రెండు సార్లు తిరిగాక వాళ్లకు విసుగొచ్చింది. ఇక వినడం మానేశారు. వాయిస్తున్నప్పుడే బాగా వచ్చిందనిపించేదాకా వాయించడం, అనిపించాక ఇంకోదానికి వెళ్లడం. ఆ ఆల్బమ్‌లో ఒక తొందర, వేదిక మీద వాయిస్తున్నట్టుండే వేడి ఉన్నాయంటే ఇది కూడా కారణమే. సొంత తప్పులు వెతుక్కునే ఓపికను చలి తినేసింది.

‘హైవే స్టార్’, ‘లేజీ’, ‘స్పేస్ ట్రకిన్’, ‘పిక్చర్స్ ఆఫ్ హోమ్’ ఇవన్నీ ఆ నడవాలో రికార్డయినవే. డిసెంబర్ మూడో వారం వచ్చేసింది. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లాలి. లెక్క చూసుకుంటే ఎల్‌పీ రికార్డు నిండడానికి ఇంకో ఏడు నిమిషాలు తక్కువ పడింది. కొత్త పాట కట్టేంత సమయం లేదు. అప్పుడు మార్టిన్ బర్చ్ పెవిలియన్ టేపును గుర్తుచేశాడు. పోలీసులు తలుపు తోస్తుండగా పూర్తయిన ‘టైటిల్ నంబర్ వన్’. వరస సిద్ధంగా ఉంది, మాటలే లేవు.

మాటలు దేని గురించి? గిలాన్, గ్లోవర్ కూర్చున్నారు. మోంత్రూ వచ్చినప్పటి నుంచి తమకు జరిగిందే రాద్దామనుకున్నారు. పక్కన పడేసిన ఆ నాలుగు మాటలు అప్పుడు తిరిగొచ్చాయి. మత్తుమందుల పాటలా ఉందన్న అభ్యంతరం ఇక లేదు. నీళ్ల మీద నిజంగానే పొగ ఉంది మరి, వాళ్లు కళ్లతో చూశారు.

రాసింది చూస్తే ఊరి విలేకరి పంపిన వార్తలా ఉంటుంది. మేం ఇక్కడికి ఎందుకొచ్చాం, ఎవరి కచేరీ జరుగుతోంది, ఏం జరిగింది, హాలు ఎలా కాలింది, ఆ తర్వాత ఏ హోటల్‌కు వెళ్లాం, ఎలా పని ముగించాం. ప్రేమ లేదు, విరహం లేదు, ఉపమానం లేదు. రాక్ పాటల్లో ఇంత ముక్కుసూటిగా నడిచే కథనం అరుదు. ఎవరి పేర్లు వచ్చాయో చూడండి. జాప్పా బృందం పేరుంది. ఊరి పేరుంది. గ్రాండ్ హోటల్ ఉంది, రోలింగ్ స్టోన్స్ లారీ ఉంది. నిప్పు పెట్టినవాడికి పేరు లేదు, ఒక తిట్టుతో సరిపెట్టారు. రెండో చరణంలో, లోపలికీ బయటికీ పరుగులు తీస్తూ పిల్లల్ని లాగి పడేసిన మనిషి వస్తాడు. అతన్ని ముద్దుపేరు తగిలించి మరీ క్లాడ్ అని పిలిచారు. ఇంటిపేరు అక్కర్లేదనుకున్నారు, స్నేహితుణ్ని పిలిచినట్టు.

నాకు ఈ పాట మీద గౌరవం పెరిగింది అక్కడే. రిఫ్ ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు. కాలిపోతున్న తన బతుకుతెరువును వదిలి పరాయి పిల్లల కోసం మంటలో దూకిన ఒక ఆఫీసు ఉద్యోగిని, కొన్నాళ్లు తిరక్కముందే పాటలో పేరుపెట్టి రాసిన ఆ ఇద్దరు కుర్రాళ్ల మనసు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

తర్వాత జరిగింది నోబ్స్ చాలాసార్లు చెప్పుకున్నాడు. బృందం వాళ్లు అతనికి టేపు వినిపించి, నీకోసం చిన్న కానుక చేశాం, దీన్ని ఆల్బమ్‌లో పెట్టే ఉద్దేశం లేదు అన్నారట. అతను విని, మీకు పిచ్చిపట్టిందా, ఇది చాలా పెద్ద హిట్టవుతుంది అన్నాడట. నిజంగానే వదిలేద్దామనుకున్నారో, మాట వరసకన్నారో గానీ పాట ఆల్బమ్‌లోకి ఎక్కింది. 

ఆ ఆల్బమ్ ‘మెషీన్ హెడ్’ పేరుతో 1972 మార్చిలో విడుదలైంది. అందులోంచి మొదటి సింగిల్‌గా వాళ్లు ఎంచుకున్నది ‘నెవర్ బిఫోర్’ అనే వేరే పాట. హిట్టవుతుందని అందరూ దానిమీదే ఆశ పెట్టుకున్నారు. అది పెద్దగా పోలేదు. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఆల్బమ్‌లో ఒక మూల ఉండిపోయింది. కానీ కచేరీల్లో వాయించిన ప్రతిసారీ, ఆ మొదటి స–గ–మ వినపడగానే జనం లేచి నిలబడుతున్నారు. ఆ ఏడాది ఆగస్టులో ఒసాకా, టోక్యోల్లో జరిగిన కచేరీల్ని ‘మేడ్ ఇన్ జపాన్’ పేరుతో రికార్డుగా తెచ్చారు. అందులోనూ ఈ పాట ఉంది. అమెరికాలో రికార్డు కంపెనీకి అప్పుడు కన్ను తెరుచుకుంది. 1973 మేలో పాటను రేడియోకు సరిపడా కుదించి, ఒకవైపు స్టూడియోలో పాడింది, రెండోవైపు జపాన్‌లో పాడింది పెట్టి సింగిల్‌గా వదిలారు. రికార్డయిన ఏడాదిన్నరకు అన్నమాట.

పాట అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో పైకి పాకుతోంది. సరిగ్గా అదే వేసవిలో బృందం ముక్కలవుతోంది. ఏడాది పొడవునా ఊపిరి తీసుకోనివ్వని కచేరీలు, గిలాన్‌కూ బ్లాక్‌మోర్‌కూ మధ్య పెరిగిన ఎడం. 1973 జూన్ 29న ఒసాకాలో ఆడిన కచేరీయే గిలాన్, గ్లోవర్‌లకు ఆఖరిది. మాటలు రాసిన ఇద్దరూ బృందం వదిలేశారు. నెల తిరిగేసరికి పాట నాలుగో స్థానానికి చేరింది. డీప్ పర్పుల్‌కు దక్కిన అతి పెద్ద విజయాల్లో ఒకటి అది. అది దక్కేనాటికి దాన్ని పాడిన గొంతు బృందంలో లేదు. పదకొండేళ్ల తర్వాత, 1984లో, అయిదుగురూ మళ్లీ కలిశారు.

జాప్పాకు ఆ డిసెంబర్ ఇంకా ఘోరంగా గడిచింది. పరికరాలన్నీ కాలిపోయాక అద్దె వాయిద్యాలతో లండన్‌లో కచేరీ పెట్టుకున్నాడు. డిసెంబర్ 10, రెయిన్‌బో థియేటర్. మోంత్రూ మంటకు ఆరు రోజులు. ప్రేక్షకుల్లోంచి ఒకడు వేదికెక్కి అతన్ని తోసేశాడు. కాంక్రీటు నేల ఉన్న వాద్యకారుల గుంటలో పడ్డాడు. తోటివాళ్లు చనిపోయాడనే అనుకున్నారు. బతికాడు. నెలల తరబడి చక్రాల కుర్చీలో గడిపాడు. గొంతుకు తగిలిన దెబ్బతో స్వరం శాశ్వతంగా కిందికి దిగిపోయింది. ఈ పాట కథ చెప్పేటప్పుడు అతన్ని మొదటి చరణంతో వదిలేయడం అలవాటైపోయింది, అది న్యాయం కాదు.

కాసినోను మళ్లీ కట్టారు. 1975లో తలుపులు తెరిచింది, జాజ్ ఉత్సవం అక్కడికి తిరిగొచ్చింది. కొత్త భవనంలో వెలసిన మౌంటెన్ స్టూడియోస్‌ను తర్వాత క్వీన్ బృందం కొనుక్కుంది. సరస్సు ఒడ్డున ఈ పాట పేరు, బృందం పేరు, ఆ రిఫ్ స్వరలిపితో ఒక స్మారకం నిలబెట్టారు. కాలిన కాసినోకు స్మారకం పెట్టుకున్న ఊళ్లు ఎన్నో ఉండవు. ఇదంతా పర్యాటక శాఖ పనేనని ఎవరైనా అనొచ్చు. అవును, ఆ శాఖలో పనిచేసినవాడి ఊరే కదా.

నోబ్స్ ఆ ఉత్సవాన్ని నాలుగున్నర దశాబ్దాలు నడిపాడు. వచ్చిన కళాకారుల్ని కొండమీద తన ఇంటికి పిలిచి స్వయంగా వండి పెట్టేవాడు. అవకాశం దొరికితే మౌతార్గాన్ జేబులోంచి తీసి వాళ్లతో వేదిక ఎక్కేవాడు. 2012 జూలైలో జాన్ లార్డ్ పోయాడు. అదే ఏడాది క్రిస్మస్ ముందురోజు మంచులో స్కీయింగ్ చేస్తూ నోబ్స్ పడిపోయాడు. స్పృహ తిరిగి రాలేదు. 2013 జనవరి 10న కన్నుమూశాడు. డెబ్భై ఆరేళ్లు.

గిలాన్ ఎనభైకి చేరువైన వయసులోనూ ఈ పాట పాడుతూ వచ్చాడు, గ్లోవర్ పక్కన నిలబడి బేస్ వాయిస్తూ ఉండగా. ఆ పాట రెండో చరణంలో క్లాడ్ ఇంకా పరుగులు పెడుతూనే ఉన్నాడు.